దింపుడు గది

ఆసుపత్రి వ్యాను సందు మలుపు తిరిగిందంటే చాలు, సలోమి చేతిలో సూది చేతిలోనే ఆగిపోయేది. ముందు బ్రేకు కీచుమనాలి. తరవాత తలుపు పక్కకి జరిగిన చప్పుడు వినపడాలి. ఆ తరవాత చెప్పుల చప్పుడు. మూడూ వరసగా వినిపిస్తే కూతురు దీవెన ఇంటికి చేరినట్టు. మధ్యలో ఏ ఒక్కటి ఆలస్యమైనా సలోమి కళ్ళ ముందు స్ట్రెచరు, దాని మీద దుప్పటి, దుప్పటి కింద కూతురి పాదాలు అన్నీ వచ్చేసి నిలబడేవి.

"జరగని చావులన్నీ నీకు ముందే కనపడిపోతాయే అక్కా," అని తమ్ముడు యేసుపాదం ఏడిపించేవాడు. "దేవుడికి కూడా అంత తెలీదు."

"నీకేం రా, నవ్వుతావు. కన్నదాన్ని నేను."

"పెంచినోణ్ణి నేను. ఆ లెక్కన నేను నీకంటే ఎక్కువ ఏడవాలి."

ఆ మాట అబద్ధం కాదు. దీవెన తండ్రి పోయేనాటికి పిల్ల పలకాబలపం పట్టుకుని తిరుగుతోంది. హార్బరులో లాంచీ ఇంజన్లు బాగుచేసే యేసుపాదం పెళ్ళి కూడా వాయిదా వేసుకుంటూ పోయి, చివరికి ఆ ఊసే మరిచిపోయి, మేనకోడల్ని నర్సింగు చదివించాడు. సలోమి చీరలకి ఫాల్సు కుట్టేది. కాకినాడ జగన్నాథపురంలో ఆ రెండు గదుల ఇంట్లో ముగ్గురూ ఒకరికొకరు అన్నట్టు బతికారు.

తెల్లజ్వరం వచ్చి అది రెండో వేసవి. పెదవులు సున్నం కొట్టినట్టు పాలిపోయి, మనిషి ఊపిరి కోసం కొట్టుకునే జబ్బు. ఊళ్ళో ఆసుపత్రులు చాలక, హార్బరు పక్కన బియ్యం గోడౌన్లు ఖాళీ చేయించి అక్కడ మంచాలు వేశారు. ఇప్పటికీ ఆ వార్డుల్లో గోనెసంచుల వాసన పోలేదని దీవెన చెప్పేది. మొదట్లో ఇంటికొచ్చి, వొళ్ళు కడుక్కుని, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేది. కొన్నాళ్ళకి ఏడవడం మానేసింది. అన్నం కలిపి, ముద్ద చేసి, ఆ ముద్ద వైపే చూస్తూ కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు.

అదే వార్డులో పనిచేసే స్టెల్లా సిస్టరు ఒక రోజు డ్యూటీ దిగి, ఇంటి దారి వదిలేసి, రైలు పట్టాల మీద నడుచుకుంటూ పోయింది. గేటు దగ్గరి మనిషి చూసి రెక్క పట్టుకుని లాగబట్టి బతికింది. ఎక్కడికమ్మా అంటే, "ఎక్కడికీ లేదండి, డ్యూటీ అయిపోయింది," అందట. ఆ మాట విన్న నాటినుంచి రైలు కూత వినపడితే సలోమి లేచి వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడేది.

అలాంటి రోజుల్లో వచ్చాడు డాక్టర్ సీతాపతి. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. వయసు ఎక్కువ లేదు గానీ కళ్ళ కింద నల్లగా చారలు. గోడౌన్ల వెనక పాత ఆఫీసు గది కడిగించి, అందులో జతలు జతలుగా కుర్చీలు వేయించాడు. ప్రతి జతకీ మధ్యలో ఒక పెట్టె. పెట్టెలోంచి రెండు వైర్లు, వాటి చివర్న నుదుటికి చుట్టుకునే గుడ్డ పట్టీలు. డ్యూటీ దిగిన నర్సు ఒక కుర్చీలో, ఆమె తల్లి ఇంకో కుర్చీలో కూర్చోవాలి. పట్టీలు ఉప్పునీళ్ళలో తడిపి కట్టేవారు.

మొదటి రోజు దీవెన కుర్చీ అంచున కూర్చుంది. డాక్టరు మీట నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి దీవెన భుజాలు కిందికి దిగాయి. బిగబట్టిన దవడలు వదులయ్యాయి. ఎన్ని నెలలైందో, పిల్ల ఆవులించింది. సరిగ్గా అప్పుడే సలోమి రొమ్ముల మధ్య తడిసిన బొంత ఏదో తెచ్చి వేసినట్టయింది. ఎందుకో తెలియని ఏడుపు వచ్చింది.

"ఇదేంటి బాబూ, దానిది నాకొచ్చేసిందా?"

"అవునమ్మా. బరువు మాయమవదు. బిందెలో నీళ్ళు ఇంకో బిందెలో పోసినట్టే. తల్లీపిల్లల మెదళ్ళు ఒకే నేత, అందుకే పట్టు దొరుకుతుంది. పరాయివాళ్ళకి పొయ్యబోతే ఒక్క చుక్క కూడా ఎక్కదు."

"మరి నాలో పోసింది ఎక్కడికెళ్తుందండి?"

"మీరు ఆ వార్డు చూడలేదు కదా. మీ మెదడు దాన్ని ఎవరిదో గోడు విన్నట్టు తీసుకుని, నాలుగు రోజుల్లో ఆవిరి చేసేస్తుందని మా అంచనా."

అంచనా అన్నాడు. ఇంకో రోజైతే సలోమి ఆ ఒక్క మాట పట్టుకుని వారం రోజులు బెంగపడేది. కానీ పక్క కుర్చీలో దీవెన అప్పుడే కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తుందే," అంది. ఆ మాట ముందు ఇంక ఏ మాటా వినపడలేదు.

ఆ గదికి నర్సులే దింపుడు గది అని పేరు పెట్టారు. "దింపుడు కళ్ళంలాగ అదేం పేరండి, పాడుపేరు," అని మంగతాయారు గొడవ చేసింది. ఆమె స్వప్న సిస్టరు తల్లి. మెయిన్ రోడ్డులో ఇడ్లీ బండి. నోరు పెద్దది. "సచ్చినోళ్ళని దించుతారు దింపుడు కళ్ళంలోన. మనం బతికున్నాం కదండి, మనమీదకి ఎక్కిత్తన్నారు." అందరూ నవ్వారు. అమ్మల కుర్చీల్లో అందరికంటే ముందు వచ్చి కూర్చునేదీ ఆవిడే.

నర్సుల్లోంచి ఎంత దిగిందో పెట్టె మీద ముల్లు చూపించేది. అమ్మల్లోకి ఎంత ఎక్కిందో చూపించే ముల్లు మాత్రం లేదు. అది నోటితో చెప్పాల్సిందే. వారానికోసారి డాక్టరే కూర్చుని ఒక్కొక్కరినీ అడిగేవాడు. గుండెల్లో బరువుగా ఉంటోందా, నిద్ర పడుతోందా, మీవి కాని జ్ఞాపకాలేమైనా వస్తున్నాయా అని.

"ఆయ్, బానే ఉందండి," అనేది మంగతాయారు.

"బానే ఉందండి," అనేది సలోమి.

వరసలో ఉన్న అమ్మలందరూ అదే మాట. పురిటి మంచం మీద అడిగినా, జ్వరంతో మూలుగుతున్నప్పుడు అడిగినా ఆ ఆడవాళ్ళు చెప్పే మాట అదే. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున ఏమీ మిగలకపోయినా, "నాకు ఆకలి లేదు," అనే నోళ్ళు అవి. డాక్టరు అడిగేది సైన్సు కోసమని వాళ్ళకి తెలియక కాదు.

"బరువుగా ఉందన్నావనుకో," అని మంగతాయారు చెవిలో చెప్పింది ఒకసారి, "పాపం ముసల్ది అని నిన్ను కుర్చీలోంచి లేపేత్తారు. మరి నీ కూతురిది ఎవత్తి మోత్తాది? నోరు మూసుకుని మోయ్."

సలోమి నోరు మూసుకుని మోసింది. చీర అంచుకి ఫాల్సు పెట్టి కుడుతూ ఉంటే, ఉన్నట్టుండి చేతులకి స్పిరిటు వాసన వేసేది. కుడి మణికట్టు ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుండేది. ఎవరో పెద్దాయన, "నా కళ్ళజోడేదమ్మా," అని అడుగుతుండేవాడు. ఆయన్ని సలోమి ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన చెవి మీద తెల్లవెంట్రుకలు కూడా తెలిసేవి. కళ్ళజోడు దొరికేలోపే ఆయన కళ్ళు నిలబడిపోయాయని తెలిసేది. కుట్టు వంకర పోయేది. విప్పి మళ్ళీ కుట్టేది.

"కళ్ళజోడు అడిగిన పెద్దాయన ఎవరే?" అని దీవెనని అడిగింది, అన్నం పెడుతూ.

"ఏ పెద్దాయన? ఓ, కిటికీ పక్క బెడ్డా? పోయారుగా. కొంచెం ఆవకాయ వెయ్యవే."

జరిగిందంతా దానికి గుర్తుంటుంది, గుచ్చుకోదు అంతే. పోనీలే, అది తింటోంది, అదే పదివేలు అనుకుంది సలోమి. ఇలా దానికి ఏమీ గుచ్చుకోకుండా పోతే రేపు ఏమవుతుందో అన్న భయం కూడా ఓ మూల పుట్టింది. ఆ భయం నోరు కూడా తనే నొక్కేసింది.

కొన్నాళ్ళకి డాక్టరు సీతాపతి మొహం వెలుగుతూ వచ్చాడు. అమ్మలందరికీ తలో టీ తెప్పించాడు.

"మీ వల్ల ఓ పెద్ద విషయం బయటపడిందమ్మా. తల్లులకి బరువు అంటట్లేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా కష్టంగా ఉందని చెప్పలేదు. ఇంత బాగా ఆవిరవుతుందని మేమే అనుకోలేదు. పైవాళ్ళకి కూడా చెప్పాను."

మంగతాయారు టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. సలోమి తన గ్లాసు ముట్టుకోలేదు. మంచి మాట వింటేనే ఆమెకి ఎక్కువ భయం.

ఆ భయం నిజమవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నర్సులు రోజూ తేలికైపోతున్నారు గనక ఇంక సెలవులు అక్కర్లేదన్నారు. ఒక పూట డ్యూటీ పూటన్నర అయింది. కొత్తగా నర్సుల్ని తీసుకుంటామన్న మాట వెనక్కి పోయింది. దీవెన మాత్రం దేనికీ నొచ్చుకోలేదు. "నాకేం కష్టంగా లేదుగా అమ్మా. వేరేవాళ్ళు చేస్తున్నారు, నేనూ చేస్తున్నాను," అని జడ వేసుకుంటూ ఏదో పాట కూనిరాగం తీసింది.

"పిల్ల కులాసాగా ఉంటే నీకు ఏడుపేంటే?" అన్నాడు యేసుపాదం.

"అది కులాసా కాదురా. మత్తు సూది వేసిన పన్ను నొప్పి లేదని నవ్వడంలాంటిది అది."

"అయితే ఆ సూది నాకూ వెయ్యమను, ఇంజను పనికి వెళ్ళొస్తే నడుం విరిగిపోతోంది," అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక చూస్తే, పెదవులు తెల్లగా ఉన్నాయి.

సలోమి అరవలేదు. వేయిసార్లు ముందే చూసి ఉన్నది గనక, లేచి చెప్పులు వేసుకుంది.

గోడౌను గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఎక్కిస్తుంటే యేసుపాదం రొప్పుతూనే, "మన పిల్ల చేతిలోనే పడుతున్నానే. ఇంకెందుకు కంగారు? ఇంటికెళ్ళి అన్నం తిను," అన్నాడు. గేటు ఇవతల సలోమి. గేటు అవతల, నీలం గౌనులో మొహం కనపడకుండా దీవెన. మావయ్య కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి పోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం సలోమి దింపుడు గదిలో కూర్చుని ఉంది. అందరి అమ్మలూ ఉన్నారు. తలుపు తోసుకుని దీవెన వచ్చింది. గౌను విప్పేసింది గానీ చేతులకి గ్లోవ్సు అలాగే ఉన్నాయి. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. వచ్చి తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడి, అప్పుడు అరిచింది. మాట కాదు అది, అరుపు. ఇన్ని నెలల్లో ఆ గదిలో ఎవరూ వినని అరుపు.

సలోమికి అర్థమైపోయింది. తమ్ముడు లేడు.

ఆ క్షణంలో తమ్ముడి కోసం ఏడవాల్సిన మనిషి, పిల్లని పట్టుకుని కూర్చోవాల్సిన మనిషి, పిల్లతో కలిసి నేల మీద పడి ఏడిస్తే సరిపోయే మనిషి ఏం చేసిందంటే, రైలు పట్టాలు తలచుకుంది. దీవెన కళ్ళల్లో స్టెల్లా నడిచిన దారి కనిపించింది. ఇది ఈ బరువుతో గేటు దాటకూడదు అనుకుంది. రెండు చంకల కింద చేతులు వేసి లేపింది.

"ముందు కుర్చీలో కూర్చో తల్లీ. కూర్చో. నేనున్నానుగా. బాబూ, పట్టీ కట్టండి, తొందరగా కట్టండి."

డాక్టరు ఒక్క క్షణం ఆగాడు. "అమ్మా, ఇది మీ సొంత దుఃఖం..."

"కట్టండి అంటున్నానా!"

కట్టాడు. దీవెన అరుపు మెల్లగా వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు ఊపిరయ్యాయి. భుజాలు దిగాయి. గ్లోవ్సు వైపు చూసుకుని, ఇవి తీయలేదేంటి అన్నట్టు తీసి, డబ్బాలో పడేసింది.

"మావయ్యని అప్పగించేది సాయంత్రమేనటే అమ్మా. పాస్టరు గారికి ఫోను చెయ్యాలి," అంది.

సలోమి కుర్చీలోంచి లేవలేకపోయింది. మంగతాయారు వచ్చి ఒక రెక్క, స్వప్న ఒక రెక్క పట్టుకోవాల్సి వచ్చింది.

సమాధుల దొడ్డిలో దీవెన అందరికీ మాస్కులు పంచింది. దగ్గర దగ్గరగా నిలబడొద్దని చుట్టాల్ని వెనక్కి జరిపింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే తలవంచుకుని నిలబడి, ఆమేన్ అంది. పెంచిన మేనమామ పెట్టె మీద మట్టి వేసి, చెయ్యి దులుపుకుని, శానిటైజరు రాసుకుంది. "రాయిరా ఇది," అని వెనకనించి ఎవరో అన్నారు. ఆ మాట దీవెనకి వినపడింది. తల్లి వైపు చూసింది, ఎవరి గురించి అన్నట్టు.

మర్నాడు సలోమి డాక్టరు ముందు నిలబడి మొత్తం చెప్పేసింది. కళ్ళజోడు పెద్దాయన గురించి, మణికట్టు గురించి, పొయ్యి దగ్గర నిలబడి కూడా ఊపిరాడక కిటికీ దగ్గరికి పరిగెత్తడం గురించి. "ఏదీ ఆవిరవ్వలేదండి. మొదటి రోజుది కూడా నాలోనే ఉంది. మేమందరం అబద్ధం చెప్పాం."

సీతాపతి మొహంలో రక్తం లేదు. గబగబా గదిలోకి వెళ్ళి మిగతా అమ్మల్ని అడిగాడు. "సలోమమ్మ గారు చెప్పింది నిజమేనా? మీకూ అలాగే ఉందా? దయచేసి నిజం చెప్పండి."

తలుపు అవతల డ్యూటీ దిగుతున్న కూతుళ్ళ గొంతులు వినపడుతున్నాయి. ఒకావిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. చివరికి మంగతాయారు సలోమి కళ్ళల్లోకి చూడకుండా అంది, "తమ్ముడు పోయాడు కదండి, ఆవిడికి మనసు బాలేదు. మాకు బానే ఉందండి."

డాక్టరు తిరిగి వచ్చి సలోమికి ఎదురుగా కూర్చున్నాడు.

"నేను మీ మాట నమ్ముతున్నానమ్మా. కానీ నా చేతుల్లో ఉన్నది ఒక్కటే. మిమ్మల్ని ఈ కుర్చీలోంచి లేపగలను. దీవెనకి రక్తసంబంధం ఇంకెవరున్నారు?"

"ఉన్న ఒక్కడూ నిన్న పోయాడండి."

"అయితే రేపటినుంచి వార్డులో జరిగేదంతా ఆ అమ్మాయి ఒక్కతే మొయ్యాలి. ఇన్ని నెలలు మోసిన అలవాటు లేదు. పూటన్నర డ్యూటీ."

"సెలవు ఇప్పించండి బాబూ. నాలుగు రోజులు. దాన్ని నా పక్కన పడుకోబెట్టుకుంటాను."

"నిన్న మీ తమ్ముడు గారి మంచం ఖాళీ అయిందా? ఆయన శవపెట్టె బయటికి వెళ్ళకముందే ఇంకొకరు ఎక్కారమ్మా దాని మీద. సెలవు ఇచ్చే వాళ్ళకి నేనే చెప్పాను, అక్కర్లేదని." ఆయన గది తలుపు వైపు చూశాడు. "మా అమ్మ లేదు. ఉండి ఉంటే ఈ బరువు కూడా ఆవిడ మీదకే దించేసేవాణ్ణేమో."

ఆయన్ని తిట్టుకుందామని వచ్చిన సలోమి, ఆ మొహం చూసి, "కొంచెం టీ అయినా తాగండి," అని లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి ఉద్యోగం మానెయ్యమని దీవెనని బతిమాలింది. దీవెన ఓపిగ్గా వింది. "ఎందుకు మానెయ్యడం? నాకేం కష్టం లేదుగా," అంది. అంతకంటే నిజమైన మాట ఆ ఇంట్లో ఇంకోటి లేదు. దాని కష్టమంతా ఇటు పక్కన కూర్చుని ఉంటే, అటు పక్కన ఏముంటుంది?

కాసేపాగి దీవెనే అడిగింది. "అమ్మా, నిన్న దింపుడు గదిలో అరిచానని గుర్తుంది. ఎందుకంత అరిచానో నాకు తెలియట్లేదే. మావయ్యంటే నాకు ఇష్టమని తెలుసు. తెలుసు గానీ..." గుండె మీద చెయ్యి వేసుకుని వెతికినట్టు చూసింది. "నీ దగ్గరుందిగా. చెప్పవే."

సలోమి కూతురి రెండు చేతులూ పట్టుకుంది. ఎలాగైనా తిరిగి ఇచ్చెయ్యాలనుకుంది. మాటల్తోనే కొంచెం ఎక్కించాలనుకుంది.

"మావయ్య నీ చెయ్యి పట్టుకున్నాడే. బుజ్జులూ, చెయ్యి వదలకే, అన్నాడు. నువ్వు వదలను అన్నావు. అప్పుడే మూల బెడ్డు దగ్గర గంట మోగింది. అక్కడ ఎవరూ లేరు. నువ్వు మావయ్య వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి పరిగెత్తావు. చిటికెన వేలు చివరిదాకా వదల్లేదు. నువ్వు తిరిగొచ్చేసరికి ఆ చెయ్యి మంచం పక్కనుంచి కిందికి వేలాడుతోంది. వేళ్ళు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ఉన్నాయి..."

ఆ వార్డు గుమ్మం తొక్కని మనిషికి, ఆ వేళ్ళు విడదీసింది తన చేతులే. తమ్ముణ్ణి వదిలి పరిగెత్తింది తన కాళ్ళే. ఏది కూతురిదో, ఏది తనదో విడదీద్దామని చూస్తే ఎక్కడా అతుకు కనిపించలేదు.

దీవెన శ్రద్ధగా విని, తలూపింది.

"అవునే, మూల బెడ్డు పేషెంటు బతికాడు. రాత్రి మంచినీళ్ళు కూడా తాగాడట. నేను చేసింది కరెక్టే కదా?"

"కరెక్టే తల్లీ."

బయట వ్యాను హారను కొట్టింది. దీవెన లేచి, బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసింది. తల్లి నేల మీద ముడుచుకుని కూర్చుని ఉంది, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడుస్తోంది. దీవెన గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, వార్డు బయట నిలబడే వాళ్ళతో రోజూ మాట్లాడే గొంతుతో, మెత్తగా, ఏ తొట్రుపాటూ లేకుండా అంది.

"ధైర్యంగా ఉండాలమ్మా. మేం చెయ్యగలిగిందంతా చేశాం. కొంచెం మంచినీళ్ళు తాగండి."